రెండు వందల ఎనభై ఆరు గ్రాములు

వారానికి ఆరు రోజులు
మేం గాలికి దారి చేస్తం.
జీఐ రేకు కోసి, మడిచి, రివెట్లు కొట్టి
మస్కట్ మాళ్ల కప్పు వెనక, ఎవరూ తలెత్తి చూడని చోట
డక్టు వంపులు తిప్పుతం.
గాలి ఎక్కడ ముడుచుకుంటదో, ఏ మూలకు ఈల వేస్తదో
మాకు తెలుసు.

ఏడో రోజు శుక్రవారం.
రూవీ గదిల మంచాలు గోడకు నిలబెట్టి
నేల మీద లింబాద్రి, నేను, ఇంకా పుట్టని గ్లైడరు.

ఇంజను లేదు, పంకా లేదు.
గుట్టకు కొట్టుకొని పైకి లేచే గాలే దానికి పెట్రోలు.
"బరువు దొంగసొంటిది," అంటడు లింబాద్రి,
"ఎక్కడ దాక్కున్నదో దేవులాడాలె."

మెస్సు వంటాయన కుంజుమోన్ దగ్గర
జీలకర్ర వాసన కొట్టే చిన్న కాటా అడిగి తెచ్చినం.
ప్రతిదీ దాని మీద ఎక్కి దిగాల్సిందే.
సర్వో తొమ్మిది గ్రాములు.
దాని స్టిక్కరు పీకినం. కాటా కదలలే.
అయినా మళ్ల అతికించలే.

ఫ్రిజ్ ప్యాకింగుల వచ్చే నల్ల ఫోము.
థర్మకోల్ లెక్క విరగది,
నలిపితే కొంచెం మూల్గి మళ్ల లేస్తది.
మిగిలిన డక్టు రేకుతోటే అచ్చు కోసిన:
పైన ఎంత ఉబ్బో కింద అంతే,
ఏది వీపో ఏది కడుపో చెప్పరాని చేప.

పాత హీటరు తీగ వేడెక్కింది.
ఈ కొసన నేను, ఆ కొసన లింబాద్రి.
ఒకటి, అంటడు. ఒకటి, అంట.
రెండు.
రెండు.
ఒకడు ఆగితే తీగ అక్కడ్నే కాల్చుకుంట కూసుంటది.
మొదటి రెక్క ఐదు కాడ చెడింది.
ఐదు అనాల్సిన చోట లింబాద్రి ఫోను మోగింది,
ఊర్ల బోరు మోటరు కాలిందట.
రెండో రెక్క కోసేటప్పుడు
ఫోన్లు రెండూ బియ్యం డబ్బాల ఉన్నయి.

రెక్కల వెన్నుకు హమూద్ ఇచ్చిన విరిగిన గాలపు కర్ర.
"దీన్ని విరిచిన చేప నా అంత ఉంటది," అన్నడు
చేప తరఫున గర్వపడుకుంట.

ముక్కు తేలిపోతుంటే
యాభై బైసల బిళ్ళ లోపల అతికించినం.
మొత్తం రెండు వందల ఎనభై ఆరు.
కుంజుమోన్ వంగి చూసి
"రెండు ఉల్లిగడ్డలు," అన్నడు.

యిటి అవతల, సముద్రం మీదికి వంగిన గుట్ట.
మూడు దాటినంక నీళ్ల మీదికెల్లి గాలి వచ్చింది.
అంచుకు నిలబడితే చొక్కా కింది నుంచి ఉబ్బింది.
మాకు ఎరుకైన వంపే, తొంభై డిగ్రీలు,
రేకు లేకుండ, సూపర్‌వైజరు లేకుండ.

విసిరిన.
కొంచెం జారింది,
జారి, ఏదో యాదికొచ్చినట్టు లేచింది.
ఒక చుట్టు. ఒక పల్టీ.
ఇగ తలకిందులు చేసిన.
ఇప్పుడు స్టిక్కు నెడితే పైకి, గుంజితే కిందికి.
దానికి మాత్రం ఏం ఫరక్ పడలే,
కడుపును వీపు చేసుకొని అట్లనే పోతాంది.
"తిప్పరా ఇగ," అన్నడు లింబాద్రి.
"నువ్వే పట్టు," అన్న.
తలకిందుల మీదనే రిమోటు చేతుల పెట్టిన.
అది నా తప్పే.
ముక్కు కొద్దిగ వాలింది.
భయమైతే మనిషి దేన్నైనా దగ్గరికే గుంజుకుంటడు.
గుంజిండు.
సముద్రం చిన్న చప్పుడు చేసింది.

హమూద్ పడవల పోయి తెచ్చిండు,
"ఇదేం చేప?" అనుకుంట.
గదిల కాటా మీద మూడు వందల నలభై.
టేపు విప్పి, సర్వోలు ఊడదీసి మంచినీళ్లల్ల ముంచి
రాత్రంత ఫ్యాను కింద.
ఇద్దరం నిద్రపోయినట్టు పండుకున్నం.

తెల్లారి, డ్యూటీ బస్సు రాకముందు:
రెండు వందల ఎనభై ఎనిమిది.
మళ్ల తూచినం. అంతే.
లింబాద్రి రెక్క అంచుకు నాలుక తాకించిండు.
"ఉప్పు."

కడిగేద్దామా అన్న.
వద్దన్నట్టు తలూపి
ముక్కుల ఉన్న బిళ్ళను గోటితో గీకి చూసిండు:
"దీన్ని రెండు గ్రాములు అరగదీద్దాం."
కింద బస్సు హారను కొట్టింది.
ఆకురాయి నా టూల్ బ్యాగులనే ఉన్నది.